కుర్చీ ఎక్కిన చీమ

చీమల గది, రెండో అంతస్తు
వానలు మొదలైన వారం

వదినకి,

నీ కవరు అందింది. "బతికున్నావా?" అన్న ఒక్క మాట కోసం అంత పొడుగు కాగితం ఎందుకు దండగ చేశావు? బతికే ఉన్నాను. లేనిది మా పెద్దావిడ. కంగారుపడి అన్నయ్యను నిద్రలేపకు, ఆవిడ చచ్చిపోలేదు. మోకాళ్ళ నొప్పులని ఉద్యోగం మానేసింది. దాంతో మా పురుగుల విభాగంలో అధిపతి కుర్చీ ఖాళీ అయింది. విచిత్రమేమిటంటే అదే వారంలో మా మూల అద్దాల పెట్టెలో రాణి చీమ పోయింది. అది మాత్రం నిజంగానే పోయింది.

ఇప్పుడు మాకు రెండు యుద్ధాలు. ఒకటి పెట్టెలో, ఒకటి వరండాలో.

పెట్టెలోది ముందు చెప్తాను, అదే కాస్త మర్యాదగా ఉంది. ఇవి గెంతే చీమలు. రాణి ఉన్నన్నాళ్ళూ కూలి చీమలు తలెత్తవు. వేటకెళ్తాయి, పిల్లల్ని సాకుతాయి, చెత్త ఎత్తిపోస్తాయి. రాణి వాసన తగ్గిందో లేదో, నిన్నటిదాకా చెత్త మోసినవే ఎదురెదురుగా నిలబడి తలమీది మీసాలతో ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. వారాల తరబడి అదే పని. గెలిచిన కొన్ని గుడ్లు పెట్టడం మొదలెడతాయి. రాణి హోదా వస్తుంది. నెలల్లో పోవాల్సిన ప్రాణం ఏళ్ళ తరబడి సాగుతుంది. ఒక్కటే చిక్కు, మెదడు తగ్గిపోతుంది. వెక్కిరింపు కాదు వదినా, కోసి చూశారు. దాదాపు నాలుగో వంతు పోతుందట. ఇక వేటకెళ్ళక్కర్లేదు, దారులు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. మరి అంత మెదడు ఏం చేసుకోను?

వరండాలో మాత్రం ఇద్దరే యోధులు. ఒకాయన పొద్దస్తమానం సూక్ష్మదర్శినిలోకి చూస్తాడు కనుక భూతద్దం గారు. రెండో ఆయన దేనిలోకీ చూడడు, సమావేశాల్లో మాట్లాడతాడు. ఆయన గొంతు గారు. ఒకాయన గదిలోకి వెళ్తే రెండో ఆయన బయట దగ్గుతాడు. ఒకాయన పైవాళ్ళకు కాగితం పంపితే రెండో ఆయన దానికంటే పొడుగు కాగితం పంపుతాడు.

నాతోపాటు చీమలకు మేత పెట్టే పొడుగమ్మ సంగతి నీకు తెలుసుగా. పై అరల్లో పెట్టెలు ఆమెవి, కింది అరల్లోవి నావి. ఇద్దర్నీ కలిపి రెండుగా కోస్తే ఇద్దరు మామూలు మనుషులొస్తారు. నిన్న భోజనాల దగ్గర వరండాకేసి చూసి, "ఏమే, పెట్టెలోవాటికి కనీసం మీసాలున్నాయే, వీళ్ళకి అవీ లేవు" అంది. నాకు పొలమారింది.

నేను మాత్రం ఏ పక్షమూ కాదు. ఆ కుర్చీ వెండి పళ్ళెంలో పెట్టి ఇచ్చినా నాకొద్దు.

ఇట్లు,
చీమ


కుట్టుమిషన్ల హాలు, గోడ పక్క మిషను
అదే నెల

మా ఇంటి ఆడపడుచుకి,

నువ్వు వద్దన్న కుర్చీ గురించి రెండు పేజీలు రాశావు. కావాలనుకుంటే ఇంకెన్ని రాసేదానివో.

మీ అన్నయ్య ఉత్తరం పైకి చదువుతూ మెదడు తగ్గే చోట ఆగి నావైపు చూశాడు. "పెళ్ళయిన మగవాళ్ళ మీద కూడా పరీక్షలు చేశారేమో కనుక్కో" అంటున్నాడు. చేయక్కర్లేదని నా తరఫున రాసేస్తున్నాను, ఫలితం ఇంట్లోనే ఉంది.

మీ చీమల పని మేమిక్కడ గుడ్డతో చేస్తాం. ఒకే తాను, ఒకే దారం. భుజం మీద పట్టీ కుడితే కాపలావాడు, బిళ్ళకు చోటు వదిలితే టికెట్లు కొట్టేవాడు, ఏమీ కుట్టకపోతే ఊడ్చేవాడు. పొద్దున బల్లమీద పరిచినప్పుడు ఏ ముక్క ఏమవుతుందో దానికే తెలీదు. సాయంత్రానికి ఒకటి ఇంకోదానికి సలాం కొట్టాలి. కుట్టే మాకు నవ్వొస్తుంది, తొడుక్కునేవాళ్ళకు రాదు.

ఇక్కడా ఒక కుర్చీ ఖాళీ అయింది. హాలంతా చూసుకునే కటింగ్ మాస్టరు కంటి ఆపరేషనని వెళ్ళాడు. తిరిగొస్తాడో లేదో. ప్రస్తుతానికి ఎవరి అరుపులూ లేకుండా హాయిగా కుడుతున్నాం.

ఒక సందేహం. రాణి అంటే రాచపుట్టుకేనా? రాణి గుడ్డు వేరు, కూలీ గుడ్డు వేరు అని ఉంటుందా? మా ముందు మిషనామె తేనెటీగల్లో అలాగే ఉంటుందని పందెం కాసింది. జవాబు తొందరగా రాయి, నా టీ పోయేలా ఉంది.

మీ వదిన


చీమల గది (ఇంకా ఇక్కడే ఉన్నాను)
వానలు తగ్గాక

వదినకి,

టీ నీదే. రాచపుట్టుకా లేదు, గాడిదగుడ్డూ లేదు. తేనెపట్టులో ఆడపిల్లలన్నీ ఒకే రకం గుడ్లలోంచి వస్తాయి. మొదట అందరికీ ఒకే తిండి, దాది ఈగల తలలో ఊరే పాలలాంటి జావ. తర్వాత చాలామందికి ఆ పాలు తగ్గించేసి పుప్పొడీ తేనే కలిపి పెడతారు. వాళ్ళు కూలీలు. ఎవరికైతే పెద్ద గది కట్టి చివరిదాకా ఆ పాలలోనే ముంచి తేలుస్తారో, ఆ పిల్ల రాణి. ఊడిగం చేయాల్సిన పిల్లని తొలిరోజుల్లోనే తీసి ఆ గదిలో పడేస్తే అదీ రాణే అవుతుంది. కొన్ని చీమల్లోనూ ఇంతే. బాగా మేపితే పెద్ద తలల సైనికులు, అంతంతమాత్రంగా పెడితే చిన్న కూలీలు.

మా గెంతే చీమల్లో ఇంకో ముచ్చట ఉంది. వేళకాని వేళ ఏ పిల్లపురుగైనా రాణిగా పెరగబోతే కూలీలు దాని చుట్టూ చేరి మెల్లగా కొరుకుతాయి. చంపవు. "నీకెందుకమ్మా ఈ సోకులు" అని బుద్ధి చెప్పినట్టు. అది సర్దుకుని కూలీగా పెరుగుతుంది. నా చిన్నప్పుడు మా మేనత్తలు ముగ్గురూ నాకు చేసిన సేవ ఇదేనని ఈ ఉద్యోగంలో చేరాకే అర్థమైంది.

పుస్తకాల్లో వీటినే కులాలు అంటారు. పుట్టుకతో రాదు, పెట్టిన తిండితో వస్తుందని తేలాక కూడా ఆ పేరు మార్చలేదు. పేరు పెట్టింది మనుషులు కదా, పెట్టినవాళ్ళ బుద్ధి అంటుకుంది.

ఇంకో చిన్న విషయం. చివర్లో రాశానని ఏమీ అనుకోకు. భూతద్దం గారూ గొంతు గారూ ఒకరి మీద ఒకరు పంపిన కాగితాలు చదవలేక పైవాళ్ళకు తల బొప్పి కట్టింది. ఎవరికీ అభ్యంతరం లేని మనిషిని ఎవరినైనా కొన్నాళ్ళు కూర్చోబెడదామన్నారు. నన్ను చూస్తే ఎవరికీ ఏ అభ్యంతరమూ ఉండదట. ఇంతకంటే అవమానం ఉంటుందా?

ఉంటుంది. నేను ఒప్పుకున్నాను.

తాత్కాలికంగానే. సంతకాలు పెట్టడానికి ఒక చెయ్యి కావాలి, అంతే. పొడుగమ్మ విని పగలబడి నవ్వి, "కాళ్ళు నేలకు ఆనవే, కింద పీట వేసుకో" అంది. నిజమే, ఆనడం లేదు. చక్రాల కుర్చీ. కొంచెం తోస్తే కిటికీ దాకా పోతుంది. రెండుసార్లు పోయొచ్చాను.

చీమ


కుట్టుమిషన్ల హాలు
మరుసటి నెల

మహారాజశ్రీ అధిపతి గారికి,

మీ అన్నయ్య సంగతి చెప్తాను. పాలవాడికి చెప్పాడు, మెట్లు తుడిచే ఆమెకు చెప్పాడు, తప్పు నంబరుకు ఫోను చేసిన వాడికి కూడా చెప్పాడు. "మా చెల్లెలు అధిపతి" అంటాడు. దేనికి అధిపతి అని అడిగితే మాత్రం గొంతు తగ్గించి "పురుగులకి" అంటాడు.

నాకూ సంతోషంగానే ఉంది. నమ్మవని తెలుసు. ఇన్నేళ్ళు అందరి కప్పులూ కడిగావు, ఇక నీ కప్పు ఎవరో ఒకరు కడుగుతారు. ఆ ఒకరు ఎవరో కాస్త చూసుకో, అంతే చెప్పేది.

నా మిషను కిటికీ పక్కకి మారింది. గాలి బాగా వస్తోంది. గొంతు కొంచెం బొంగురుపోయింది, వాతావరణం అనుకుంటాను. జవాబు రాయి. ఈసారి పొడుగమ్మ ఏమందో కూడా రాయి, నీ ఉత్తరాల్లో చదవదగ్గ భాగం అదే.

మీ వదిన


విభాగాధిపతి కార్యాలయం, మూడో అంతస్తు
చలికాలం

వదిన గారికి,

మీ ఉత్తరం చేరింది. పని ఒత్తిడి వల్ల జవాబు ఆలస్యమైనందుకు ఏమీ అనుకోరని భావిస్తాను.

ఇక్కడ పరిస్థితులు క్రమంగా దారిలో పడుతున్నాయి. ఇన్నాళ్ళూ ఎవరు ఎవరో తెలియని గందరగోళం ఉండేది. హోదాను బట్టి కోట్లు ప్రవేశపెట్టాను. అధికారులకు తెలుపు, సహాయకులకు నీలం, మేత పెట్టేవారికి బూడిద రంగు. మొదట గొణిగారు, ఇప్పుడు అలవాటుపడ్డారు. గొంతు గారు ఈ ఏర్పాటును సమావేశంలో ప్రశంసించారు. ఆయన గురించి నేను మునుపు రాసిన మాటలు తొందరపాటుతో రాసినవి.

చీమల గదికి వెళ్ళి చాలాకాలమైంది. వెళ్ళవలసిన అవసరమూ లేదు, నివేదికలు వస్తుంటాయి. ఆ గది సిబ్బందిలో కొన్ని సర్దుబాట్లు జరిగాయి. భోజనం ఇప్పుడు ఇక్కడికే తెప్పించుకుంటున్నాను, ప్రశాంతంగా ఉంటుంది.

ఒక మనవి. కవరు మీద "చీమకు" అని రాయవద్దు. నలుగురూ చూస్తారు.

అన్నయ్యకు నమస్కారాలు.

ఇన్‌చార్జి అధిపతి,
పురుగుల విభాగం


కుట్టుమిషన్ల హాలు
చలి తగ్గకముందే

ఇన్‌చార్జి అధిపతి గారికి,

తమరి సర్దుబాటు ఒకటి మా హాలు దాకా నడిచొచ్చింది.

మొన్న మధ్యాహ్నం గుమ్మం దగ్గర ఒక్కసారిగా చీకటైంది. కరెంటు పోయిందేమోననుకున్నాను. కాదు, ఒక మనిషి. తలుపు చట్రానికి తల తగలకుండా వంగి లోపలికొచ్చి, "చీమ వాళ్ళ వదిన మీరేనా అమ్మా?" అంది.

"నేనే. మీరు?"

"పై అర."

నీ ఉత్తరాల్లో ఇన్నేళ్ళుగా చూస్తున్న మనిషి కదా, ఠక్కున తెలిసిపోయింది. కూర్చోబెట్టి టీ ఇచ్చాను. "సెలవు పెట్టారా?" అని అడిగాను.

"పెట్టలేదు, ఇచ్చారు. పెద్ద సెలవు."

"అదేంటి?"

"చీమల గదిలో ఒక మనిషిని తగ్గించమన్నారట. ఉన్నది ఇద్దరం. అందులో ఒకామె అధిపతి అయింది. ఇక తగ్గాల్సింది ఎవరో మీరే చెప్పండి."

"అది మీతో ఏమంది?"

"ఏమంటుంది, కాగితం ప్యూను తెచ్చాడు. నేను మూడో అంతస్తుకి ఎక్కాను. ముందు అనుమతి తీసుకోమన్నారు. తలుపుకు అద్దం ఉందిగా, లోపల కూర్చుని కనిపిస్తూనే ఉంది. ఏదో రాసుకుంటోంది. తలెత్తుతుందేమోనని కాసేపు నిలబడ్డాను. నేను అద్దంలో కనబడకుండా పోయే మనిషినా చెప్పండి?"

నాకు ఒళ్ళు మండింది. "తిట్టండి, నేనేమీ అనుకోను. ఆడపడుచు కదా, నాకూ కాస్త ఊరటగా ఉంటుంది" అన్నాను. ఆమె టీ గ్లాసు అటూ ఇటూ తిప్పి, "తిట్టడానికి రాలేదమ్మా. ఇక్కడ పని దొరుకుతుందేమోనని వచ్చాను. మీ హాల్లో మధ్యాహ్నం అందరూ కలిసి తింటారని ఆమె చెప్తుండేది" అంది.

పనిలో పెట్టించాను. ఎలా పెట్టించావని అడగకు. కాజాలు కుట్టడం అప్పగించాం. దేవుడా, కాజా కుట్టమంటే కిటికీ కుడుతోంది. గుండీ ఇటు నుంచి పెడితే అటు రాలిపోతోంది. ఏదైనా అంటే, "చీమలకి గుండీలుండవమ్మా" అంటుంది. హాలంతా నవ్వు. నువ్వు ప్రశాంతంగా ఒక్కదానివే తింటున్నప్పుడు మేమిక్కడ ఇలా బాధలు పడుతున్నాం.

కళ్ళు నెత్తికెక్కితే కింద నిలబడ్డవాళ్ళు కనబడరని విన్నాను. ఎదురుగా ఆరడుగుల మనిషి నిలబడ్డా కనబడదని ఇప్పుడే వింటున్నాను. మెదడు సంగతి నువ్వే రాశావు తల్లీ, నేను కాదు.

మీ వదిన


విభాగాధిపతి కార్యాలయం
అదే వారం

వదిన గారికి,

పాలనాపరమైన నిర్ణయాలను బంధుత్వాలతో ముడిపెట్టడం సరికాదు. ఆ ఆదేశం పైనుంచి వచ్చినది. నేను సంతకం పెట్టకపోతే నా స్థానంలో మరొకరు పెట్టేవారు. ఈ విషయమై ఇకపై ఉత్తర ప్రత్యుత్తరాలు అనవసరమని భావిస్తాను.

ఇన్‌చార్జి అధిపతి

ఆమె చెప్పులు మార్చుకుందా? ఎడమది మడమ దగ్గర పూర్తిగా అరిగిపోయింది. తడిలో జారుతుంది.


ఇల్లు
వెంటనే

తమరి లేఖ అందినది.

మీ అన్నయ్య చదివి, "ఎవరు రాశారిది?" అని అడిగాడు. నాకూ తెలీలేదు. అడుగున చెప్పుల మాట మాత్రం మా చీమ రాసిందని ఇద్దరం గుర్తుపట్టాం. ఆ పిల్ల ఎప్పుడైనా అటువైపు కనబడితే ఇంకోసారి రాయమను.

చెప్పులు కొత్తవే.

వదిన


మెట్ల కింద గది
ఎండలు మొదలయ్యాక

వదినా,

ఇంతకాలం రాయలేదు. సిగ్గుతో అనుకుంటావేమో. సిగ్గు తర్వాత వచ్చింది, ముందు కోపమే. నీ చిన్న కాగితం సొరుగులో పడేసి తాళం వేశాను. సొరుగు తెరవకుండా అధిపతి ఎన్నాళ్ళుంటుంది? పెన్ను అందులోనే ఉంది.

తర్వాత జరిగింది విను. పైవాళ్ళు చీమల గదిని తీసేసి సమావేశ మందిరం కట్టాలన్నారు. చీమల పెట్టెలన్నీ మంచుపెట్టెలో పెట్టాలి. మెల్లగా గడ్డకట్టి పోతాయి, నొప్పి తెలీదట. నొప్పి తెలీదన్న సంగతి వాళ్ళకెవరు చెప్పారో మరి. నేను ఒక సంతకం పెట్టాలి, అంతే.

ఆ మధ్యాహ్నం చాలా నెలల తర్వాత రెండో అంతస్తుకి దిగాను. గదిలో ఎవరూ లేరు. మేత పెట్టడానికి పూటకో మనిషిని పంపుతున్నారట. పై అరల్లో నీటి గొట్టాలు ఎండిపోయి ఉన్నాయి. కుర్చీ లాక్కుని ఎక్కినా నాకు అందలేదు. బల్ల మీద కుర్చీ వేసి, తెల్ల కోటు విప్పి, అన్నిటికీ నీళ్ళు పెట్టేసరికి ఎండ వాలింది. ఒక మూల భూతద్దం గారి పరీక్ష నడుస్తోంది. గెలిచి రాణి హోదాకొచ్చిన చీమల్ని ఆయన ఒక్కోదాన్ని ఒక్కో చిన్న డబ్బాలో ఒంటరిగా పెట్టాడు. కొన్ని వారాలకు గుడ్లు ఆగిపోయాయట. మళ్ళీ కూలీ వాలకం వచ్చేసిందట. కోసి చూస్తే తగ్గిన మెదడు తిరిగి పెరిగి ఉందట. నేనూ మూడో అంతస్తులో ఒంటరిగానే ఉన్నాను కదా, నాకెందుకు పెరగలేదా అని ఆలోచించాను. డబ్బాలో చీమకు అది డబ్బా అని తెలుసు. నేను కార్యాలయం అనుకున్నాను.

మర్నాడు సమావేశం. గొంతు గారు లేచి, "చీమలు ఎక్కడైనా దొరుకుతాయి, ఇంత మంచి హాలు దొరకదు" అన్నారు. నా నోరు నా మాట వినలేదు. "నిజమేనండీ. చీమలకైతే పనుంటుంది, ఎక్కడైనా సర్దుకుంటాయి. మనకే కదా కూర్చోడానికి చోటు కావాలి" అన్నాను. టీ తెచ్చినామె ఒక్కర్తే నవ్వింది. సంతకం పెట్టనన్నాను. నాకే వింతగా ఉండింది, ఎన్నాళ్ళకో నా గొంతు విన్నట్టు.

అప్పుడు జరిగింది చూడాలి నువ్వు. జన్మలో ఒకే మాట మీదికి రాని భూతద్దం గారూ గొంతు గారూ ఆ రోజు ఏకమయ్యారు. ఒకాయన నా అనుభవం తక్కువన్నాడు, రెండో ఆయన నాకు విశ్రాంతి కావాలన్నాడు. గెలిచిన చీమను దించాలనుకుంటే తోటివి ఇలాగే చేస్తాయి. చంపవు, చెరో కాలూ పట్టుకుని కదలనీయవు, మళ్ళీ కూలీ అయ్యేదాకా. నన్ను రెండు వారాలు పట్టుకున్నారు. భూతద్దం గారు కుర్చీ ఎక్కారు. గొంతు గారికి ఏం దక్కిందో తెలీదు, ఇప్పుడు ఆయన భూతద్దం గారి గది బయట దగ్గుతున్నాడు.

చీమల్ని నా ధైర్యమే కాపాడిందని అన్నయ్యతో చెప్పు, నమ్ముతాడు. నువ్వు నమ్మకు. భూతద్దం గారి పరిశోధన వ్యాసం ఇంకా పూర్తి కాలేదు, అందుకే బతికాయి. అదీ సగమే. మిగతా సగం మంచుపెట్టెలోకి వెళ్ళాయి. ఆ రోజు నేను ఆ వరండాలోకి వెళ్ళలేదు. సమావేశ మందిరం వస్తోంది, నేనూ మిగిలిన పెట్టెలూ మెట్ల కిందికి వచ్చాం. నాకు బూడిద రంగు కోటు ఇచ్చారు. నేను ప్రవేశపెట్టిన కోటే. చంకలో బిగుతు, ఎవరు కుట్టారో కానీ.

పొడుగమ్మను తిరిగి తీసుకోమని భూతద్దం గారిని అడిగాను. "చేతులు కావాలి, రమ్మను" అని అప్పటికప్పుడే రాసిచ్చారు. నేను అంతకాలం చేయలేని పని ఆయన టీ చల్లారేలోపు చేశాడు. ఈ కవర్లోనే ఇంకో కాగితం ఉంది, ఆమెకివ్వు. నువ్వు చదవకు.

చదువుతావని తెలుసు.

చీమ


కుట్టుమిషన్ల హాలు, కిటికీ పక్క
ఎండలు ముదిరాక

ఏమే చీమా,

చదివాను. ఇంత చిన్న కాగితంలో అన్ని కొట్టివేతలా? మొత్తం మీద మిగిలిన మాటలు బాగానే ఉన్నాయి.

ఆమెకిచ్చాను. మిషను ఆపి, నిలబడి చదివింది. మడిచి జేబులో పెట్టుకుని మళ్ళీ కూర్చుని కుట్టుకుంది. నేను అటే తిరుగుతున్నాను, ఏమైనా అంటుందేమోనని. భోజనాల దగ్గర అడిగేశాను.

"వెళ్తున్నారా మరి?"

"వెళ్ళనమ్మా."

"కోపమా?"

"మెట్ల కింద అని రాసిందిగా. ఆమెకు సరిపోతుంది, నాకు తల తగులుతుంది." అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. "ఇక్కడ కాజాలు ఇప్పుడిప్పుడే కుదురుతున్నాయి. పిలిచినప్పుడు వెళ్ళి, తీసేసినప్పుడు రావడానికి నేను వస్తువును కాదు, మనిషిని" అంది.

నేను నీ తరఫున ఏదో చెప్పబోయి మానేశాను. ఏమని చెప్పను? నువ్వు చేసింది చేసినట్టే ఉంది. నువ్వు వెనక్కి వచ్చినంత మాత్రాన అవతలివాళ్ళు కూడా వెనక్కి రావాలని ఎక్కడా లేదు.

కోటు కుట్టింది మేమే. మేత పెట్టేవాళ్ళ కోటు అనగానే నీ కొలతలే గుర్తొచ్చి అంచనాగా వేశాను. పదవి వచ్చాక చిక్కిపోతావనుకోలేదు, ఒళ్ళు చేస్తావనీ అనుకోలేదు. మధ్యస్థంగా కత్తిరించాను.

మీ అన్నయ్య నీ ధైర్యం గురించి పాలవాడికి చెప్పేశాడు.

వదిన


మెట్ల కింద గది
ఆదివారం సాయంత్రం

సూపర్‌వైజరు గారికి,

ఉలిక్కిపడ్డావా? పడు.

ఈ రోజు మధ్యాహ్నం పెట్టెలు తుడుస్తుంటే తలుపు దగ్గర ధడేలుమని చప్పుడైంది. పొడుగమ్మ నుదురు పట్టుకుని నిలబడి ఉంది. "చెప్పానా, తల తగులుతుందని" అంది. నేను స్టూలు చూపించాను. కూర్చోలేదు. మోకాళ్ళ మీద వంగి ఒక్కో పెట్టెలోకీ చూసింది. ఏవి మిగిలాయో, ఏవి లేవో నేను చెప్పక్కర్లేకపోయింది.

"మా వదిన ఎలా ఉంది?" అన్నాను, ఏదో ఒకటి మాట్లాడాలి కదా.

"నీకు రాయలేదా? ఆమే మా సూపర్‌వైజరు. కటింగ్ మాస్టరు ఇక రానన్నాడుగా. నేను చేరకముందు నుంచే. కిటికీ పక్క కూర్చుంటుంది, అక్కణ్ణుంచే అరుస్తుంది. నా కాజాలు ఎన్నిసార్లు విప్పించిందో. నీళ్ళు తాగడానికి లేచినా ఎక్కడికని అడుగుతుంది."

గాలి బాగా వస్తోందన్నావు! గొంతు బొంగురుపోయింది, వాతావరణం అన్నావు! నా మెదడు గురించి నాకు పాఠం చెప్పిన చేత్తోనే హాజరు పట్టీ రాసుకుంటున్నావా వదినా? అభినందనలు. నాకంటే నువ్వు నయమని ఆమే చెప్పింది. "అరిచినా తలెత్తి, మొహం చూసి అరుస్తుంది" అంది. అది నాకు తగలాలనే అందని తెలుసు. తగిలింది.

ఇక ఆగలేక అడిగేశాను. "నన్ను క్షమించావా?"

"లేదు."

"మరి ఎందుకొచ్చావు?"

"కోపాన్ని ఉత్తరాల్లో రాసుకోవడం మీ ఇంటివాళ్ళకు చేతనవుతుంది. నాకు ఎదురుగా మనిషి ఉండాలి" అని తలుపు మూసి, స్టూలు లాక్కుని కూర్చుంది. అప్పుడు మొదలుపెట్టింది. అద్దం తలుపు దగ్గర ఎంతసేపు నిలబడిందో చెప్పింది. ప్యూను ఎలా చూశాడో చెప్పింది. ఆ రోజు ఇంటికెళ్ళి తన భోజనం డబ్బా తెరిస్తే అలవాటుగా ఇద్దరికి సరిపడా ఉందట, అదీ చెప్పింది. నేను ఒక్కసారి "పైనుంచి ఆదేశం" అనబోయాను. "నోరుముయ్యి" అంది. మూశాను. మధ్యలో చీమలకు మేత వేళైతే తనే లేచి పెట్టింది, పెడుతూ కూడా తిట్టింది. ఏడుస్తున్నానని చూసి, "ఏడుపు తర్వాత, ముందు విను" అంది. విన్నాను. ఇంత శ్రద్ధగా నేను ఏ సమావేశంలోనూ వినలేదు.

సాయంత్రం బస్టాపు దాకా వెళ్ళాను. బస్సు కదిలాక కిటికీలోంచి తల బయటపెట్టి, "ఇంకా కొంత మిగిలింది. వచ్చే ఆదివారం వస్తా" అని అరిచింది.

ఈ గదిలో ఒకే స్టూలు ఉంది. ఆదివారంలోగా ఇంకోటి సంపాదించాలి.

చీమ